మాయాబజార్ నుంచి ఘటోత్కచ్ వరకు: సింగీతం శ్రీనివాసరావు చిత్రాల్లో యానిమేషన్ దృష్టి

వ్యాససంగ్రహం:

తెలుగు సినిమా విమర్శలో సింగీతం శ్రీనివాసరావు పేరు ‘ప్రయోగం’ అన్న మాటతో విడదీయరాని విధంగా ముడిపడి ఉంది. ఆయన ‘సన్ ఆఫ్ అలాద్దీన్’ (2003), ‘ఘటోత్కచ్’ (2008) అనే రెండు పూర్తినిడివి యానిమేషన్ చిత్రాలకు దర్శకత్వం వహించారు. ఆయన కృషిని అంచనా వేసే వ్యాసాల్లో ఈ రెండూ జాబితాలో పేర్లుగానే మిగిలాయి. నిశ్చలమైన దానికి కదలికను కల్పించడం యానిమేషన్‌కు ప్రాణం. ఆ దృష్టి సింగీతం నటీనటులతో తీసిన చిత్రాల్లో బలంగా పనిచేసిందని, యానిమేషన్ చిత్రాల్లోకి వచ్చేసరికి పలచబడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అందుకు గల కారణాలను ఆయన శిష్యరికం చేసిన ‘మాయాబజార్’ (1957) నుంచి మొదలుపెట్టి పరిశీలిస్తుంది.

కీలకపదాలు: యానిమేషన్, కదలిక, ప్రయోగం, తీసివేత, మాయాబజార్, పుష్పక విమానం, ఘటోత్కచుడు.

1. ఉపోద్ఘాతం:

‘ప్రయోగం’ అన్న మాట తెలుగులో పలు అర్థాల్లో చెల్లుతోంది. నిఘంటుకారుడికి అది కవి వాడుకకు సాక్ష్యం. నాట్యశాస్త్రం చదివినవారికి రంగస్థలం మీద ప్రదర్శన. విజ్ఞానశాస్త్రంలో పరీక్ష. సినిమా సమీక్షల్లో మాత్రం అది దాదాపు బిరుదుగా మారింది. ఇంతకుముందు ఎవరూ చేయనిది చేస్తే చాలు, ప్రయోగం అయిపోతుంది. ఈ బిరుదు తెలుగు దర్శకుల్లో అందరికంటే ఎక్కువగా దక్కినవారు సింగీతం శ్రీనివాసరావు. మాటల్లేని సినిమా, పొట్టివాడి సినిమా, కాలయంత్రం సినిమా అన్న వరుస ఆయన మీద వచ్చిన ప్రతి వ్యాసంలోనూ కనిపిస్తుంది. ఆ వరుసను ఒప్పజెప్పడం సులువే. ఆ చిత్రాలను లోపలి నుంచి కలిపే సూత్రం ఏమిటన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినబడుతుంది.

అందుకు ఒక కారణం తెలుగు శాఖల్లో సినిమాను చదివే పద్ధతిలోనే ఉంది. సాహిత్య విద్యార్థికి సినిమాలో వెంటనే చేతికందేవి మాటలు, పాటలు. పింగళి సంభాషణల్లోని పదసృష్టిని, సినీగీతాల్లోని అలంకారాలను విశ్లేషించే పనిముట్లు అతని దగ్గర సిద్ధంగా ఉంటాయి. ఒక పాత్ర ఎలా నడిచింది, ఒక వస్తువు ఎప్పుడు కదిలింది, ఎంతసేపు ఆగింది అన్నవాటికి పేర్లు పెట్టే పరిభాష ఉండదు. మాట లేని చిత్రం ఎదురైనప్పుడు ఈ లోటు బయటపడుతుంది. అందుకే ‘పుష్పక విమానం’ గురించి ‘సంభాషణలు లేని సాహసం’ అన్న మాట దాటి రాయడం కష్టమవుతోంది. యానిమేషన్ పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. అది పిల్లల వ్యవహారమన్న అభిప్రాయం దాన్ని పరిశోధన గడప కూడా తొక్కనివ్వలేదు.

2. కదిలేది ఏది?

సినిమా తెర మీద సెకనుకు 24 ఫ్రేమ్‌లు నడుస్తాయి. నటుణ్ణి చిత్రీకరించే కెమెరా ఆ ఇరవైనాలుగింటినీ లోకం నుంచి తీసుకుంటుంది. యానిమేషన్‌లో అలా తీసుకోవడానికి ఏమీ ఉండదు. ఒక ఫ్రేమ్‌కూ తర్వాతి ఫ్రేమ్‌కూ మధ్య ఎంత తేడా ఉండాలో కళాకారుడే నిర్ణయించాలి. కెనడా జాతీయ చలనచిత్ర మండలిలో పనిచేసిన నార్మన్ మెక్‌లారెన్ (1914-1987) యానిమేషన్‌ను ఈ కోణం నుంచే నిర్వచించాడు. బొమ్మ ఎంత బాగుందన్నది ఆయనకు రెండో విషయం. రెండు ఫ్రేమ్‌ల నడుమ జరిగేదే అసలు కళ. ఈ నిర్వచనం నుంచి ఒక చిక్కు ఫలితం వస్తుంది. బొమ్మ గీయకుండానే యానిమేషన్ చేయవచ్చు. 1952 నాటి ‘నైబర్స్’లో మెక్‌లారెన్ ఇద్దరు మనుషులనే బొమ్మల్లా వాడి, ఒక్కొక్క ఫ్రేమ్‌గా కదిలించి, నేల మీద కాళ్ళు ఆనకుండా జారేలా చేశాడు. మన దేశంలో ఫిల్మ్స్ డివిజన్‌లో ప్రమోద్ పతి 1972లో ‘ఆబిద్’ చిత్రంలో చిత్రకారుడు ఆబిద్ సుర్తీతో చేయించింది ఈ కోవకు చెందినదే.

తెలుగువారికి ఈ భావన కొత్తదేమీ కాదు. తోలుబొమ్మలాటలో తెర వెనక ఉన్న మనిషి పుల్ల కదిపితే తప్ప రాముడి చెయ్యి లేవదు. కేతిగాడి తల ఊగడం కూడా ఒకరు చేసిన నిర్ణయమే. తనంతట తాను ఏదీ కదలదన్న ఎరుక ఆ కళలో ఉంది. సింగీతం చిత్రాలను యానిమేషన్ దృష్టితో చూడటమంటే ఆ ఎరుక ఆయనలో ఎక్కడ పనిచేసిందో వెతకడమే. ‘పుష్పక విమానం’ను యానిమేషన్ చిత్రంగా ప్రకటించడం ఇక్కడి ఉద్దేశం కాదు.

3. విజయా వారి మాయ:

1931లో జన్మించిన సింగీతం దర్శకత్వంలో ఓనమాలు దిద్దుకున్నది కె.వి. రెడ్డి దగ్గర. 1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’కు ఆయన దర్శకత్వ శాఖలో పనిచేశారు. ఆ చిత్రంలో ఘటోత్కచుడి భోజన ఘట్టాన్ని తెలుగు ప్రేక్షకుడికి ఎవరూ వర్ణించి చెప్పనవసరం లేదు. అయితే దాన్ని సాధారణంగా పాట కోసమో, ఎస్.వి. రంగారావు అభినయం కోసమో తలుచుకుంటారు. ఆ ఘట్టంలో కదులుతున్నది ఏదో గమనిస్తే వేరే సంగతి తెలుస్తుంది. రంగారావు దాదాపు కూర్చున్నచోటే ఉన్నాడు. లడ్లు లేచి వరుసగా నోట్లోకి పోతున్నాయి. పళ్ళాలు ఖాళీ అవుతున్నాయి. శరీరం పెరుగుతోంది. అంటే నటుడు నిశ్చలంగా ఉండి, వస్తువులు నటిస్తున్నాయి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే పనితనం అక్కడ కనబడుతుంది. ఆ పనితనాన్ని నమ్మదగినదిగా చేసింది మాత్రం రంగారావు ముఖం. లడ్డు నోట్లో పడిన మరుక్షణం బుగ్గ నిండాలి, మీసం కదలాలి, తృప్తి కళ్ళలోకి రావాలి. వస్తువుకు బరువు ఉందని ప్రేక్షకుడికి చెప్పేది ఆ బుగ్గే. ఇది యానిమేటర్లు సంవత్సరాల తరబడి నేర్చుకునే పాఠం.

అదే చిత్రంలో అల్లు రామలింగయ్య, వంగర విడిదింట్లో పడే పాట్లు ఇంకో ఉదాహరణ. కంబళి గింబళి అయింది, తల్పం గిల్పం అయింది. పింగళి నాగేంద్రరావు పదసృష్టిగా ఈ మాటల మీద ఎంతో చర్చ జరిగింది. గింబళి తనంతట తాను చుట్టుకుపోవడం, గిల్పం మనుషులను ఎత్తిపడేయడం ఆ చర్చలో చేరలేదు. పేరు మారిన వస్తువుకు స్వభావం కూడా మారిందని ఆ ఘట్టం చూపుతుంది. మాటలో జరిగిన వికృతి కదలికలోనూ జరిగింది. సగాన్ని మాత్రమే చదివి ఊరుకోవడం తెలుగు విమర్శకు అలవాటైంది.

ఈ మాయకు ముందు చరిత్ర ఉంది. సురభి నాటక సమాజాలు మాయాబజార్ కథను రంగస్థల యంత్రాలతో ప్రదర్శించి ప్రేక్షకులను అబ్బురపరిచాయి. ‘చందమామ’ పత్రికను 1947లో స్థాపించిన నాగిరెడ్డి-చక్రపాణులే విజయా సంస్థకూ అధిపతులు. పుట పైభాగంలో బొమ్మ, కింద కథ ఉండే ఆ పత్రిక నిశ్చలచిత్రంతో కథ చెప్పడాన్ని ఒక తరానికి నేర్పింది. చాలా ఏళ్ళ తర్వాత 1994లో చందమామ-విజయా వారికే సింగీతం తీసిన ‘భైరవద్వీపం’లో ఆ పుటలే కదిలినట్టుంటాయి. దానికి కథ అందించిన రావి కొండలరావు శ్రీకాకుళంలో చదువుకున్నవారు. జానపద కథ ఎక్కడ మలుపు తిరగాలో బాగా తెలిసినవారు.

‘మాయాబజార్’ నుంచి సింగీతం నేర్చుకున్న పాఠం ఇంకొకటి ఉందనిపిస్తుంది. మహాభారతంలో జరిగే ఆ కథలో పాండవులు ఒక్కసారి కూడా తెర మీదికి రారు. ఐదుగురు నాయకులను తీసేసి కథను నిలబెట్టడం కె.వి. రెడ్డి చేసిన ప్రయోగం. అది ఎంత సహజంగా జరిగిందంటే, చాలామంది ప్రేక్షకులు ఎవరైనా చెప్పేవరకూ గమనించరు.

4. తీసివేత:

1972లో ‘నీతి నిజాయితీ’తో దర్శకుడైన సింగీతం తర్వాతి కృషిలో ఈ తీసివేత పదేపదే కనిపిస్తుంది. ‘అమావాస్య చంద్రుడు’ (1981) నాయకుడికి చూపు లేదు. ‘మయూరి’ (1985) నాయికకు కాలు పోయింది, ఆమె నర్తకి. ‘పుష్పక విమానం’ (1987)లో మాట లేదు. ‘అపూర్వ సహోదరగళ్’ (1989, తెలుగులో ‘విచిత్ర సోదరులు’)లో ఎత్తు లేదు. ప్రతిసారీ సినిమా సహజంగా ఆధారపడే ఒకదాన్ని తొలగించి, మిగిలిన అంగాలు ఆ భారాన్ని ఎలా మోస్తాయో చూడటమే ఈ చిత్రాల వరస. ‘ప్రయోగం’ అన్న మాటను విజ్ఞానశాస్త్ర అర్థంలో వాడదలిస్తే ఇక్కడే వాడాలి.

‘పుష్పక విమానం’ను ఈ దృష్టితో కొంత నిదానంగా చూడాలి. నిరుద్యోగి అయిన కథానాయకుడు (కమల్ హాసన్) ఒక ధనికుణ్ణి తన గదిలో బంధించి, అతని బదులు పెద్ద హోటల్‌లో బస చేస్తాడు. పట్టుపరుపు మీద నిద్ర పట్టదు. ఇరుకు గదిలో పక్కనున్న సినిమా హాలు గోలకు అలవాటుపడ్డ ప్రాణం అది. అతడు వెళ్ళి ఆ గోలను టేపు మీద రికార్డు చేసి తెచ్చుకుని, దాన్ని పెట్టుకుని నిద్రపోతాడు. పేదరికాన్ని గురించి ఇన్ని పుటల సంభాషణ చెప్పలేనిది ఒక టేప్‌రికార్డర్ చెప్పింది. చిత్రంలో మాటలే లేవు గాని శబ్దం ఉంది. శబ్దాన్ని కూడా ఒక వస్తువులా ఎత్తి ఇంకోచోట పెట్టవచ్చని ఈ ఘట్టం చూపుతుంది. హంతకుడు (టిన్నూ ఆనంద్) వాడే మంచు కత్తి ఇంకా ముందుకు పోతుంది. ఆయుధం కరిగిపోతుంది కనుక సాక్ష్యం మిగలదన్నది కథలో తర్కం. దృశ్యపరంగా చూస్తే ఆ కత్తికి ఒక జీవితకాలం ఉంది. తీయగానే అది కరగడం మొదలవుతుంది. హంతకుడి హడావిడిని నటుడు చెప్పనక్కరలేదు, వస్తువే చెబుతుంది. నాయిక (అమల) రాసిచ్చిన చిరునామా చీటీ చివర్లో గాలికి ఎగిరిపోతుంది. ప్రేమకథ ముగింపు ఒక కాగితం ముక్క కదలిక మీద ఆధారపడింది. లడ్డు నేర్పిన పాఠం ముప్పై ఏళ్ళకు ఇలా పండింది.

ఈ చిత్రంలో అన్నీ ఒకే స్థాయిలో లేవు. బంధించిన మనిషి మలాన్ని పొట్లం కట్టి పారేసే వ్యవహారాన్ని సాగదీసిన తీరు ఈనాటి ప్రేక్షకుడికి రుచించకపోవచ్చు. కాని అక్కడ కూడా నవ్వు పుట్టేది అందంగా చుట్టిన పొట్లం ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారడం వల్లనే.

‘విచిత్ర సోదరులు’లో అప్పు పాత్రకు కమల్ హాసన్ మోకాళ్ళు మడిచి, మోకాళ్ళకు బూట్లు తగిలించుకుని నడిచారన్నది, కొన్ని దృశ్యాలకు నేలలో గుంట తవ్వారన్నది అందరూ చెప్పుకునే విశేషాలు. ఆ చిత్రం ఊహలో కమల్ హాసన్ వాటా చాలా పెద్దది, దాన్ని దర్శకుడి ఖాతాలో వేయడం సరికాదు. దర్శకుడి పని వేరే చోట కనిపిస్తుంది. పొట్టివాడైన అప్పు శత్రువులను చేతులతో ఎదిరించలేడు. అందుకని ఒక వస్తువు ఇంకో వస్తువును తాకి, అది మూడోదాన్ని కదిలించి, చివరికి మరణం జరిగే యంత్రమాల ఒకటి కడతాడు. ఆ దృశ్యం అచ్చంగా కార్టూన్ చిత్రాల వ్యాకరణంలో నడుస్తుంది. అయితే కార్టూన్‌లో చచ్చినవాడు లేచి నిలబడతాడు, ఇక్కడ లేవడు. నవ్వుతూ చూస్తున్న ప్రేక్షకుడికి చివర్లో కలిగే ఇబ్బంది ఈ తేడా నుంచి వస్తుంది. ఇంత సూక్ష్మమైన స్వరమార్పిడి సింగీతం చిత్రాల్లో కూడా అరుదు.

5. చేతికందిన యానిమేషన్:

చెన్నైకి చెందిన పెంటామీడియా గ్రాఫిక్స్ 2000 సంవత్సరం నాటికి పూర్తినిడివి త్రీడీ యానిమేషన్ చిత్రాలు తీయడం మొదలుపెట్టింది. ‘పాండవాస్: ది ఫైవ్ వారియర్స్’, ‘సిందబాద్: బియాండ్ ది వేల్ ఆఫ్ మిస్ట్స్’ అప్పటివే. వీటిలో రెండోది పూర్తిగా మోషన్ కాప్చర్ పద్ధతిలో తయారైన తొలి చిత్రాల్లో ఒకటిగా చరిత్రకెక్కింది. నటుడి శరీరానికి గుర్తులు తగిలించి, అతని కదలికను యంత్రం ద్వారా గ్రహించి, కంప్యూటర్ బొమ్మకు తొడిగే పద్ధతి ఇది. ఈ సంస్థకే సింగీతం 2003లో ‘సన్ ఆఫ్ అలాద్దీన్’ చేశారు. డెబ్బై ఏళ్ళు దాటాక కొత్త మాధ్యమం చేపట్టిన ఆ దర్శకుడి ఉత్సాహం మెచ్చుకోదగినది. చిత్రం మీద తీర్పు మాత్రం ఆ ఉత్సాహాన్ని బట్టి ఇవ్వకూడదు.

మోషన్ కాప్చర్ ఒక విచిత్రమైన మధ్యస్థితి. మెక్‌లారెన్ చెప్పిన ‘ఫ్రేమ్‌ల నడుమ నిర్ణయం’ అందులో యంత్రానికి దక్కుతుంది. కదలిక నటుడిదే. ముఖం, చర్మం, బరువు నటుడివి కావు. ఆనాటి సాంకేతికతలో బొమ్మల పాదాలు నేల మీద ఆనినట్టు ఉండవు, కళ్ళు ఎదుటివారిని చూస్తున్నట్టు ఉండవు. ‘మాయాబజార్’లో వస్తువు నిజమైన మాయలో తిరిగింది, దాన్ని నమ్మించే ముఖం నిజమైనది. ఇక్కడ మాయ కూడా బొమ్మే, నమ్మవలసిన ముఖమూ బొమ్మే. దేన్ని ఆనుకుని దేన్ని ఆశ్చర్యంగా చూడాలో ప్రేక్షకుడికి తెలియదు. దీపంలోంచి భూతం వచ్చినా, తలుపులోంచి మనిషి వచ్చినా ఒకే రకంగా ఉంటుంది.

2008లో వచ్చిన ‘ఘటోత్కచ్’ మరింత ఆసక్తికరమైన చిత్రం. (1995 నాటి ‘ఘటోత్కచుడు’తో దీనికి సంబంధం లేదు.) చేతిగీత శైలిలో సాగిన ఈ చిత్రంలో ఘటోత్కచుడు పిల్లవాడు, అతనికి గజ్జు అనే ఏనుగుపిల్ల తోడు. శిష్యరికంలో తాను చూసిన పాత్రకు యాభై ఏళ్ళ తర్వాత ఆ శిష్యుడే తిరిగి రావడం తెలుగు సినిమాలో ఇంకొకచోట కనబడని సంగతి. చిత్రానికి సంగీతం కూడా ఆయనదే. 1986లో కన్నడ చిత్రం ‘భాగ్యద లక్ష్మీ బారమ్మ’కు స్వరాలు కూర్చిన అనుభవం ఆయనకు ఉంది. ‘ఘటోత్కచ్’లో బొమ్మలు ప్రాణంతో కనిపించే చోట్లు దాదాపు అన్నీ పాటల్లోనే ఉన్నాయి. తాళం ఒక కట్టుబాటు విధిస్తుంది, అడుగు ఎక్కడ పడాలో చెబుతుంది. ఆ కట్టుబాటు ఉన్నంతసేపు గీతకు క్రమశిక్షణ వస్తుంది. పాట ఆగి కథ మొదలవగానే సడలుతుంది. పాత్రలు మాట్లాడటానికి నిలబడతాయి, మాట పూర్తికాగానే కదులుతాయి.

కారణం బడ్జెట్ అని, సాంకేతిక పరిమితి అని తేల్చేయవచ్చు. అది కొంతవరకే నిజం. సింగీతం ప్రతిభ ప్రతిఘటన ఉన్నచోట వికసించింది. మాట తీసేస్తే మిగిలిన లోకం ఎదురుతిరిగింది, దాన్ని ఒప్పించడానికి టేప్‌రికార్డర్ పుట్టింది. ఎత్తు తీసేస్తే యంత్రమాల పుట్టింది. యానిమేషన్‌లో ఎదురుతిరిగేది ఏదీ లేదు. ఏనుగుపిల్ల ఎగరాలంటే ఎగురుతుంది. కొండ కదలాలంటే కదులుతుంది. గీసేవాడే తనకు తాను ఒక నిషేధం పెట్టుకోకపోతే ఆ మాధ్యమంలో ఆశ్చర్యం పుట్టదు. తొలి చిత్రాల్లో ఒక్కొక్కటీ తీసేస్తూ వచ్చిన దర్శకుడు ‘ఘటోత్కచ్’లో ఏమీ తీసేయలేదు. పిల్లలకు కావలసినవని అనుకున్నవన్నీ చేర్చారు. పిల్లల ఓపిక మీద, ఊహ మీద ఆయనకు ‘పుష్పక విమానం’ నాటి ప్రేక్షకుడి మీద ఉన్నంత నమ్మకం లేకపోవడం ఈ చిత్రంలోని అసలు బలహీనత. మాటల్లేని ఘటోత్కచుడిని ఆయన తీసి ఉంటే ఎలా ఉండేదన్న ప్రశ్న చిత్రం చూస్తున్నంతసేపూ వెంటాడుతుంది.

6. లడ్డు ఎక్కడికి వెళ్ళింది?

‘ఘటోత్కచ్’ వచ్చిన 2008లోనే హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ తయారుచేసిన ‘ఛోటా భీమ్’ టెలివిజన్‌లో మొదలైంది. రూపకర్త రాజీవ్ చిలక. ఇందులోని భీముడు భారతంలోని భీముడు కాడు. ఢోలక్‌పూర్ అనే ఊరి పిల్లవాడు. పురాణం నుంచి పేరు, బలం, ఆకలి మాత్రం తెచ్చుకున్నాడు. లడ్డు తింటే అతనికి శక్తి వస్తుంది. ఇచ్ఛాపురం నుంచి ఎచ్చెర్ల దాకా, అక్కడి నుంచి అనంతపురం దాకా ఇవాళ పిల్లలకు భీముడంటే మొదట గుర్తొచ్చేది ఈ లడ్లవాడే. ఘటోత్కచుడి తండ్రి పేరు పెట్టుకున్న పిల్లవాడి చేతికి ‘మాయాబజార్’ లడ్డు చేరడం యాదృచ్ఛికం కావచ్చు. రెండు లడ్ల మధ్య తేడా మాత్రం గమనించదగినది. 1957లో లడ్డు తనే లేచి వచ్చింది, అది మాయలో ఒక పాత్ర. ఛోటా భీమ్ లడ్డు ఒక మీట వంటిది. తినగానే ఒకే భంగిమ, ఒకే శబ్దం, ఒకే విజయం. వారం వారం గంటల కొద్దీ నిడివి నింపాల్సిన టెలివిజన్‌కు అదే కదలికను మళ్ళీ మళ్ళీ వాడుకోవడం తప్పదు. ఒకసారి గీసినదాన్ని వందసార్లు చూపవచ్చు.

వాణిజ్యపరంగా గెలిచింది ఈ రెండో లడ్డు. సింగీతం చిత్రం తెలుగు నేల మీద కూడా గట్టి జ్ఞాపకంగా నిలవలేదు. 2010 జనవరిలో హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ ‘మాయాబజార్’కు రంగులద్ది విడుదల చేసినప్పుడు ప్రేక్షకులు థియేటర్లకు కదిలివచ్చారు. ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్‌గా ఒక పాత చిత్రాన్ని కంప్యూటర్ మీద తిరిగి తయారుచేసిన ఆ పనిలో కొన్ని భాగాలు పోయాయి, శబ్దం మారింది, లడ్లకు పసుపురంగు వచ్చింది. రంగారావు బుగ్గ నిండే ఆ క్షణానికి మాత్రం ఎవరూ ఏమీ చేర్చలేదు. లడ్డు గాలిలో ఎంతసేపు ఉండాలో 1957లో ఎవరో లెక్కకట్టి పెట్టారు, ఆ లెక్క అలాగే ఉంది.